చూడ్డానికి బాగానే ఉన్నావు కదా!

వైకల్యం సర్టిఫికెట్ల కోసం సదరం శిబిరం జరిగే రోజు ఆస్పత్రి వరండాలో ఎవరు దేనికొచ్చారో చాలావరకు దూరం నుంచే చెప్పేయొచ్చు. చక్రాల కుర్చీ, చంక కర్ర, నల్ల కళ్లద్దాలు, చెవి మిషను. వాళ్ల మధ్య అలాంటివేమీ లేకుండా, ఇస్త్రీ బట్టలు వేసుకుని, చేతిలో ఫైలు పట్టుకుని, గోడవారగా నిలబడ్డ పిల్లలు కొందరుంటారు. పక్కన అమ్మో నాన్నో. చుట్టూ ఉన్నవాళ్లు వీళ్లని అదోలా చూస్తుంటారు, వీళ్లకేం రోగమని లైన్లో నిలబడ్డారన్నట్టు. ఆ చూపు ఆ పిల్లలకి కొత్తేం కాదు. క్లాసులో లెక్చరరు దగ్గర, హాస్టల్లో వార్డెను దగ్గర రోజూ చూసేదే. తీరా వంతు వచ్చి బల్ల దగ్గరికొచ్చాక మెడికల్ బోర్డు డాక్టర్లం, మాలోనే ఎవరో ఒకరం ఆ మాట అనేస్తాం: "చూడ్డానికి బాగానే ఉన్నావు కదమ్మా!"

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. ఉద్యోగమంతా ఉత్తరాంధ్ర ప్రభుత్వాస్పత్రుల్లోనే. బోర్డులో ఎముకల డాక్టరుకీ, కంటి డాక్టరుకీ ఉన్న వెసులుబాటు నాకు లేదు. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో వాళ్లు కొలుస్తారు, గోడమీది అక్షరాల్లో ఏ వరుస దాకా చదవగలుగుతున్నాడో చూస్తారు. కొలత ఇవాళ ఎంతో రేపూ అంతే. నా దగ్గరికొచ్చే పిల్లల జబ్బులు అలా కుదురుగా ఉండవు. మంచం మీద మెలికలు తిరిగిన పిల్ల నాలుగు రోజుల తర్వాత నవ్వుకుంటూ క్లాసుకెళ్తుంది. స్లాటు దొరికిన రోజు ఆ రెండింటిలో ఏదవుతుందో ఎవరికి తెలుసు?

ఇలాంటి వాళ్లకి ఆ వరండాలో చోటు దొరికి ఎంతో కాలం కాలేదు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో చేసి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలు చేసిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ ఏడుని 21 చేసింది. హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ అనే మూడు రక్తజబ్బులు, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, కండరాల క్షీణత జబ్బులు అలా జాబితాలోకి వచ్చాయి. నేను చదువుకునే రోజుల్లో జబ్బు వేరు, అవిటితనం వేరు. జబ్బుకి మందు రాయాలి, అవిటితనానికి సర్టిఫికెట్ రాయాలి. ఒకే మనిషికి రెండూ రాయాల్సి వస్తుందని మాకెవరూ చెప్పలేదు. ఇప్పటికీ చాలామందిమి ఆ పాత అలవాటులోనే ఉన్నాం.

పాడేరు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఇంటర్ బైపీసీ, హాస్టల్లో ఉండి చదువుతోంది. సికిల్ సెల్. ఇది పుట్టుకతో వచ్చే రక్తజబ్బు. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగి, బిరుసెక్కి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న చోట నొప్పి మొదలవుతుంది. చలి, జ్వరం, ఒంట్లో నీళ్లు తగ్గడం, మితిమీరిన శ్రమ, వీటిలో ఏదైనా చాలు దాన్ని రేపడానికి. మన్యంలో చలికాలం ఎలా ఉంటుందో, హాస్టల్లో రాత్రిపూట తాగునీటి కోసం ఎంత దూరం నడవాలో తెలిసినవాళ్లకి మిగతాది చెప్పక్కర్లేదు.

ఆ రోజు మాత్రం పిల్ల బాగానే ఉంది. కళ్లు కాస్త పచ్చగా ఉన్నాయి, అంతే. వాళ్ల నాన్న సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద బోర్లించాడు. హైడ్రాక్సీయూరియా కాప్స్యూళ్ల ఖాళీ అట్టలు, బస్సు టికెట్లు, మందుల చీటీలు, వేర్వేరు ఆస్పత్రుల డిశ్చార్జి కాగితాలు. ఆ కాగితాలు ఒక్కొక్కటే తీసి చదివాను. ఒకదాంట్లో: జ్వరం, ఒళ్లునొప్పులు, సెలైన్ ఎక్కించాం, కోలుకుంది, పంపేశాం. ఇంకోదాంట్లో: నీరసం, రక్తం ఎక్కించాం, పంపేశాం. సికిల్ సెల్ అన్న మాటే లేని కాగితాలు ఎక్కువ. నొప్పి ఎన్ని రోజులుందో, ఎక్కడుందో, మార్ఫిన్ లాంటి మందు అవసరమైందో లేదో, రక్తం ఎన్ని యూనిట్లు ఎక్కిందో ఎక్కడా లేదు.

"ఇయ్యాల బాగానే ఉంది బాబూ," అన్నాడు తండ్రి. "నెప్పులొచ్చినప్పుడు సూడాల. పండగ ముందు సూసుంటే మీరే రాసిచ్చేద్దురు."

ఆయన మాటలో తప్పేమీ లేదు. అంత నొప్పిలో ఉన్న పిల్లని ఘాట్ రోడ్డు మీద బస్సెక్కించి స్లాటు టైముకి తీసుకురావడం కుదరదు, అదొక్కటే ఇబ్బంది. అందుకే ఇలాంటి జబ్బుల్లో మేం మనిషిని చూసి వైకల్య శాతం వేస్తామని జనం అనుకోవడం సగమే నిజం. మిగతా సగం కాగితాన్ని చూసి వేస్తాం. ఏడాదిలో ఎన్నిసార్లు నొప్పులొచ్చాయి, ఎన్నిసార్లు చేర్చారు, ఎంత రక్తం ఎక్కింది, ఏ అవయవం దెబ్బతింది అన్నది కాగితమే చెప్పాలి. ఆ కాగితం రాసేది అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జను. అతనికి ఆ క్షణంలో ప్రాణం ముఖ్యం. రెండేళ్ల తర్వాత ఎవరో బోర్డు డాక్టరు దాన్ని ముందు పెట్టుకుని అంకెలు వెతుక్కుంటాడన్న ఆలోచన అతనికెందుకొస్తుంది? అందుకే మా వార్డులో కొత్తగా చేరిన పిల్ల డాక్టర్లకి సికిల్ సెల్ డిశ్చార్జి ఎలా రాయాలో దగ్గర కూర్చుని రాయిస్తున్నాను. జబ్బు పేరు మొదటి వరుసలో. నొప్పి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. ఏ మందుకి తగ్గింది. ఎన్ని రోజులు బడికి వెళ్లలేదు. ఈ చివరి వరుస చూసి మొదట్లో వాళ్లు నవ్వేవారు.

పాడేరు అమ్మాయి తుంటిలో నొప్పి ఉందని చెప్పింది. మెట్లెక్కేటప్పుడు మాత్రమేనట. ఎక్స్‌రే, తర్వాత ఎమ్మారై తీయిస్తే తొడ ఎముక తలకి రక్తం అందక ఎముక చచ్చుబడటం మొదలైంది. సికిల్ సెల్‌లో తరచూ జరిగేదే. నాకు ఒళ్లు మండేదిక్కడే. నొప్పులతో నెలకో వారం చదువు పోగొట్టుకున్నంత కాలం ఆ పిల్ల లెక్కలోకి రావడం కష్టం. ఎముక పాడై కుంటడం మొదలయ్యాక, ఎముకల డాక్టరు కొలబద్దకి అందాక, శాతం సులువుగా వస్తుంది. నడవలేకపోతే లోకం నమ్ముతుంది.

జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభించారు. 2047 నాటికి ఈ జబ్బుని లేకుండా చేయాలన్నది లక్ష్యం. మన్యంలో పరీక్షలు జోరుగా చేశారు, కార్డులు ఇచ్చారు. మంచి పని. దాంతో పాటు కొత్త తికమక ఒకటి మొదలైంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువే వచ్చినవాళ్లు వాహకులు మాత్రమే. వాళ్లకి మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, సర్టిఫికెట్‌కీ అర్హత లేదు. రెండు వైపుల నుంచీ వచ్చినవాళ్లే రోగులు. కార్డు చూపించి "మాకూ రాయండి" అనే వాహకుల కుటుంబాలు, "మా పిల్లకేం లేదు, ఊరికే కార్డిచ్చారు" అనే రోగుల కుటుంబాలు, ఇద్దరూ ఒకే రోజు ఎదురవుతారు. 2023లోనే సికిల్ సెల్ వాళ్లకిచ్చే తాత్కాలిక సర్టిఫికెట్ గడువుని ఏడాది నుంచి మూడేళ్లకి పెంచారు. ఏటా కొండ దిగిరావాల్సిన శ్రమ కొంత తప్పింది.

ఇక పింఛను సంగతి. దీనికీ చదువు రాయితీలకీ దారులు వేరని చెబితే చాలామంది నమ్మరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకి 6,000 రూపాయలు. సికిల్ సెల్, తలసేమియా, తీవ్రమైన హీమోఫీలియా వాళ్లకీ, డయాలసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులకీ 10,000. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి ఇచ్చి వెళ్తాడు. కూలీకెళ్లే ఇంట్లో పదివేలంటే మాటలు కాదు, పిల్ల చదువు ఆగకుండా ఉండటానికి అదే ఆధారం. ఈ జాబితా రాష్ట్ర ప్రభుత్వానిది. 21 వైకల్యాల జాబితా కేంద్ర చట్టానిది. రెండూ ఒకటి కాదు.

ఆ తేడా ఎంత పెద్దదో ఉద్దానం కుర్రాడొకడు నాకు అర్థమయ్యేలా చేశాడు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే, కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు. సాధారణంగా అక్కడ కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనిచేసే పెద్దవాళ్లకి వస్తుంది. ఈ కుర్రాడిది అది కాదు, చిన్నప్పటి నుంచి మూత్రనాళాల లోపం. డిగ్రీ రెండో ఏడాదికొచ్చేసరికి రెండు కిడ్నీలూ పోయాయి. ఎడం చేతికి ఫిస్టులా వేశారు, వారానికి రెండు రోజులు డయాలసిస్. పింఛను వస్తోంది. ఆ పింఛను కాగితమే పట్టుకుని కాలేజీలో స్కాలర్‌షిప్పు కోసం వెళ్లాడు. వికలాంగుల సర్టిఫికెట్ తెమ్మన్నారు. నా దగ్గరికొచ్చాడు. 21లో కిడ్నీ లేదు. పైనుంచి కిందికి ఎన్నిసార్లు చదివినా లేదు. గుండె జబ్బూ లేదు. చిన్నపిల్లలకొచ్చే టైప్ 1 షుగరూ లేదు. వారానికి రెండు రోజులు మిషను పక్కన పడుకునే కుర్రాడు పింఛను పుస్తకంలో ఉన్నాడు, చట్టంలో లేడు.

"మరి నేనేంటి సార్?" అన్నాడు. కోపంగా కాదు, దరఖాస్తులో ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియనివాడు అడిగినట్టు.

కాలేజీకి ఉత్తరం రాసిచ్చాను. సర్టిఫికెట్ ఇవ్వలేని చోట డాక్టరు చేతిలో మిగిలేది ఉత్తరమే. దాన్ని మనం చాలా తేలిగ్గా తీసుకుంటాం. ఇరవై రూపాయల కాగితం మీద 'ఫలానా వారు అనారోగ్యం కారణంగా ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు విశ్రాంతి తీసుకోవలసిందిగా' అని రాసి ముద్ర గుద్దితే అయిపోయిందనుకుంటాం. పెళ్లికెళ్లినవాడూ అదే కాగితం తెస్తాడు. ప్రిన్సిపాలు దానికి విలువ ఇవ్వకపోతే తప్పు పట్టలేం. ఈ కుర్రాడికి ఇలా రాశాను: ఇతనికి మంగళ, శుక్రవారాల్లో డయాలసిస్ ఉంటుంది. ఆ రోజుల్లో క్లాసుకి రాలేడు, మర్నాడు ఉదయం నీరసంగా ఉంటాడు. ఎడం చేత్తో బరువులెత్తకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు. ల్యాబ్ పరీక్షలు ఆ రెండు రోజుల్లో పెట్టకుంటే మిగతా అన్నీ అందరితో సమానంగా రాయగలడు. ల్యాబ్ తేదీ మార్చారు. స్కాలర్‌షిప్పు రాలేదు.

హాజరు అన్నది ఇలాంటి పిల్లలకి జబ్బంత గండం. ఇంజినీరింగ్‌లో 75 శాతం హాజరుండాలి. 65 దాటితే వైద్య కారణాల మీద జరిమానా కట్టించుకుని సర్దుతారు. ఆ కిందికి పోతే డిటెయిన్. ఫీజు రీయింబర్స్‌మెంటుకీ 75 అడుగుతారు. అంటే నొప్పులొచ్చి చేరిన పిల్లవాడు ముందు పాఠాలు పోగొట్టుకుంటాడు, తర్వాత ఏడాది పోగొట్టుకుంటాడు, దాని వెంటే ఫీజూ నెత్తిన పడుతుంది. చట్టంలో 'సముచితమైన సర్దుబాటు' అన్న మాట ఉంది. మిగతావాళ్లతో సమానంగా చదువుకోవడానికి అవసరమైన మార్పు చేయాలనీ, అది సంస్థ మీద మోయలేని భారం కాకూడదనీ దాని భావం. ఆస్పత్రిలో ఉన్న రోజుల్ని హాజరు లెక్కలోంచి తీసేయడం మోయలేని భారమా? నాకైతే అనిపించదు. అడిగినవాళ్లు తక్కువ కాబట్టి ఇచ్చినవాళ్లూ తక్కువే.

అడగకపోవడానికి బద్ధకం కారణం కాదు. కాకినాడలో చదువుకునే హీమోఫీలియా కుర్రాడి తల్లి నాతో మాట్లాడటానికి కొడుకుని బయట కూర్చోబెట్టి వచ్చింది. రక్తం గడ్డకట్టే ఎనిమిదో ఫ్యాక్టర్ అతనిలో దాదాపు లేదు. మోకాల్లోకి మళ్లీ మళ్లీ రక్తం చేరి కీలు బిగుసుకుపోతోంది. హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. క్రికెట్ ఎందుకాడవంటే ఆసక్తి లేదంటాడట. సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేయండని నేనంటే ఆవిడ గొంతు తగ్గించి, "వాడికి చెల్లెలుంది సార్," అంది. ఇంకేం చెప్పలేదు, నేను అడగలేదు. ఈ జబ్బు తల్లి వైపు నుంచి మగపిల్లలకొస్తుందని ఆవిడకి ఎవరో చెప్పి ఉంటారు. కొడుకు పేరు ప్రభుత్వ జాబితాలో పడితే కూతురి సంబంధాల దగ్గర ఆ మాటే ముందుకొస్తుందని భయం. నేను ఆవిడకి రెండే చెప్పాను: కూతురికి ఎలాగూ పరీక్ష చేయించాలి, తనూ వాహకురాలో కాదో పెళ్లికి ముందే తెలిస్తే రేపు కాన్పు చేసే డాక్టరు జాగ్రత్తపడుతుంది. అబ్బాయి హాస్టల్లో కనీసం వార్డెనుకీ రూమ్మేటుకీ తెలియాలి. రాత్రిపూట తలకి దెబ్బ తగిలితే ఫ్యాక్టర్ ఇంజెక్షన్ ఎక్కడ దొరుకుతుందో తెలిసిన మనిషి ఒకడుండాలి, కండకి ఇంజెక్షన్ చేయకూడదని చెప్పే మనిషి ఉండాలి.

దరఖాస్తు చేశారు చివరికి. 40 శాతం దాటింది. అప్పుడా కుర్రాడు అడిగిన ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పక తప్పలేదు: "దీంతో ఉద్యోగం వస్తుందా సార్?"

చట్టం 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకి కనీసం 5 శాతం సీట్లు ఉంచాలి, వయసులో ఐదేళ్ల సడలింపూ ఇవ్వాలి. 21లో ఏదైనా సరే. ఏఐసీటీఈ వారి సక్షమ్ స్కాలర్‌షిప్పు ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. ఇవన్నీ ఇతనికీ వర్తిస్తాయి. ఉద్యోగాల 34వ సెక్షన్‌కి వచ్చేసరికి 4 శాతం రిజర్వేషన్ని వర్గాల వారీగా పంచారు: చూపు, వినికిడి, చలనం, నాలుగోది ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వగైరా. ఆ పంపకంలో రక్తజబ్బుల పేరు లేదు. చదువుకోవడానికి సీటిచ్చిన చట్టమే చదివాక గుమ్మం దగ్గర ఆపేసింది. మోకాలు పూర్తిగా బిగిసిపోతే చలన వైకల్యం కింద అర్హత రావచ్చు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఈ మాట చెప్పి చూడండి, మీ గొంతు మీకే ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. మోకాలు కాపాడుకోమని నెలనెలా చెబుతున్నదీ నేనే.

మానసిక అనారోగ్యం సంగతి మా సైకియాట్రీ మిత్రులు నాకన్నా బాగా రాయగలరు. స్వయం సంరక్షణ, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని, ఈ నాలుగింటినీ ఐడియాస్ అనే కొలతతో వేసి, జబ్బు ఎంతకాలంగా ఉందో కలిపి లెక్కిస్తారు. లెక్క బాగానే ఉంది. లెక్కించడానికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులే అరుదు. 'చదువు ఒత్తిడి' అని చెప్పి ఏడాది గ్యాప్ ఇప్పించుకోవడమే నయమనుకుంటారు.

దీనికి ఎదురు కోవ కూడా ఉంది, చెప్పకపోతే ఏకపక్షం అవుతుంది. నీట్ ఫలితాలొచ్చిన వారం నా ఫోను మోగుతూనే ఉంటుంది. "మావాడికి చెవి కొంచెం తక్కువ సార్, నలభై చేయించండి." ముప్పైతొమ్మిది దగ్గర ఆగిన వాళ్లకోసం ఎమ్మెల్యే గారి పీఏ దాకా వెళ్లినవాళ్లున్నారు. మోసం చేసి రాయితీ పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 91వ సెక్షన్ చెబుతోంది. అది చదివి వినిపిస్తే కొందరు ఫోను పెట్టేస్తారు. దొంగ సర్టిఫికెట్ల వార్త పేపర్లో వచ్చినప్పుడల్లా బోర్డు బల్ల దగ్గర అనుమానం ఒక మెట్టు పెరుగుతుంది. ఆ అనుమానం పడేది మోసగాడి మీద కాదు, వాడు తెలివిగా వస్తాడు. పైకి ఏమీ కనిపించని మన సికిల్ సెల్ పిల్ల మీద పడుతుంది.

ఇక 40 రానివాళ్లు. నా దగ్గర ఎక్కువమంది వీళ్లే. యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డుకి మూడు రంగులు: 40 కన్నా తక్కువైతే తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆ పైన నీలం. తెల్ల కార్డు వచ్చిందంటే ఇంట్లో ఏడుపే. "ఇది దేనికీ పనికిరాదంట కదా సార్," అని నా బల్ల మీదే వదిలేసి వెళ్లబోయిన వాళ్లున్నారు. బీఎస్సీ చదివే అమ్మాయి ఒకామె అలాగే వదిలేయబోయింది. పన్నెండో ఏట నుంచి కీళ్లవాతం. కుడి మణికట్టు, చూపుడువేలు కణుపు వాచి ఉంటాయి. 28 శాతం వచ్చింది. బస్సు పాసు లేదు, పింఛను లేదు, స్కాలర్‌షిప్పు లేదు.

"పరీక్ష ఎలా రాస్తున్నావమ్మా?" అని అడిగాను.

చెయ్యి చూపించింది. మొదటి గంట బాగానే రాస్తుందట. రెండో గంటలో పెన్ను జారుతుంది. మూడో గంటలో ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాస్తుంది. చివరి పది మార్కుల ప్రశ్న ప్రతిసారీ వదిలేస్తుంది. జవాబు వచ్చినా సరే. పెన్నుకి గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేసుకుంది, పట్టు లావుగా ఉంటే కణుపు మీద భారం తగ్గుతుందని తనే కనిపెట్టింది. ఏ ఫిజియోథెరపీ పుస్తకంలోనూ ఇంతకన్నా మెరుగైన సలహా నేను చూడలేదు.

చట్టం ఇద్దరు మనుషుల గురించి మాట్లాడుతుంది. వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు, 40, ఆపైన ఉన్న వ్యక్తి ఒకరు. సీట్లు, ఉద్యోగాల రిజర్వేషను రెండో వ్యక్తికే. సర్దుబాటు హక్కు ఇద్దరిదీ. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బు ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థికి 40 లేదని స్క్రైబుని, అంటే బదులు రాసే మనిషిని, ఇవ్వనన్నప్పుడు, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో ఈ తేడానే ఎత్తి చూపింది. రాయడంలో ఇబ్బంది ఉంటే శాతంతో పనిలేకుండా స్క్రైబు ఇవ్వాలంది. దాని వెంట 2022 ఆగస్టులో కేంద్రం 40 లోపు వాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలిచ్చింది. ప్రభుత్వ వైద్య కమిటీ పరీక్షించి, రాయడంలో ఇబ్బంది ఉందని నిర్ధారిస్తే స్క్రైబు, గంటకి 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలంది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ మాటని మరోసారి గట్టిగా చెప్పింది. ఇదంతా ఆ అమ్మాయికి చెబితే, "మరి ఇందాక మీరే 28 అని రాశారు కదా సార్," అంది. నిజమే. శాతం రాసిన చేత్తోనే పక్క కాగితం మీద 'రాయడంలో ఇబ్బంది ఉంది' అని రాయొచ్చని బోర్డులో ఉన్న మాకే చాలామందికి తెలియదు.

ఈ కోవలోనే టైప్ 1 షుగరు పిల్లలు. చట్టం జాబితాలో లేరు, సర్టిఫికెట్ రాదు. పరీక్ష హాల్లో షుగరు పడిపోతే చెమటలు పట్టి, చెయ్యి వణికి, చదివింది గుర్తురాకుండా పోతుంది. సీబీఎస్ఈ 2017 నుంచి ఈ పిల్లల్ని చక్కెర బిళ్లలు, పండు, చిరుతిండి, నీళ్ల సీసా లోపలికి తీసుకెళ్లనిస్తోంది. జేఈఈ మెయిన్‌లోనూ అవకాశముంది. మన ఊళ్లో గేటు దగ్గర తనిఖీ చేసే మాస్టారికి ఈ సంగతి తెలియక అరటిపండు లాక్కుంటాడు. దానికి మందు ముందుగా రాసిచ్చే ఉత్తరమే. అందులో జబ్బు పేరు, పడిపోతే కనిపించే లక్షణాలు, ఏం తినాలో, తిన్నాక ఎంతసేపటికి తేరుకుంటాడో ఉండాలి. పరీక్షకి వారం ముందే ప్రిన్సిపాలు సంతకం పెట్టించుకుని రమ్మంటాను. రైల్వే రాయితీ కూడా ఇలాంటిదే. చికిత్స కోసం వెళ్లే సికిల్ సెల్, హీమోఫీలియా, తలసేమియా, డయాలసిస్ రోగులకి ఆస్పత్రి ఫారం మీద టికెట్ తగ్గుతుంది, సదరం అక్కర్లేదు. పాడేరు తండ్రి కవరులో ఉన్నవన్నీ బస్సు టికెట్లే. కొండ కింద రైలెక్కినప్పుడు వాడుకోమని ఫారం నింపిచ్చాను.

కీళ్లవాతం అమ్మాయికి కమిటీ కాగితం వచ్చింది, స్క్రైబుని కాలేజీయే వెతికింది. స్క్రైబు చదువు అభ్యర్థి కన్నా తక్కువుండాలన్నది నియమం, కాపీ అనుమానం రాకుండా. ఇంటర్ ఆర్ట్స్ గ్రూపు కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. పరీక్ష ఆర్గానిక్ కెమిస్ట్రీ. తర్వాత ఓపీకి వచ్చినప్పుడు ఆ కథ చెప్పి తనూ నవ్వింది, నన్నూ నవ్వించింది. "ఆరు మూలలు గియ్యి తమ్ముడూ, లోపల గుండ్రం పెట్టు, కుడి పక్క కొమ్మ పెట్టి ఓహెచ్ అని రాయి," అని చెబుతూ కూర్చుందట. వాడు ఐదు మూలలు గీసేవాడట. పిల్లవాడు మంచివాడే, బెంజీన్‌తో పరిచయం లేదంతే. మధ్యలో ఒకసారి, "అక్కా, ఇది తేనెపట్టు బొమ్మా?" అన్నాడట.

"ఈసారి స్క్రైబొద్దు సార్. టైమొక్కటి ఇప్పిస్తే నేనే రాసుకుంటాను. మధ్యలో చెయ్యి ఆపుకుంటూ రాస్తాను," అంది. కాలేజీని అడిగితే స్క్రైబుని పెట్టుకున్నవాళ్లకే అదనపు సమయమన్నారట. 2022 మార్గదర్శకాల నకలు బల్ల సొరుగులోనే ఉంది. తీసి చూశాను. అదనపు సమయం స్క్రైబుకి అర్హత ఉన్నవాళ్లకని ఉంది గానీ, స్క్రైబుని తీసుకున్నవాళ్లకని లేదు. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన మార్జిన్లో ఆమె హాల్ టికెట్ నంబరు వేసి, పరీక్షల విభాగానికి కవరింగ్ లెటర్ జత చేసిచ్చాను. సెమిస్టరు పరీక్షలు నవంబరులో.